మావ గింజల సాలు

మావ, అంటే మా అమ్మకు అన్న, సాలూరు దగ్గర కొండవాలు పొలంలో చలికాలం రాజ్మా చిక్కుడు వేసేవాడు. ఆ విత్తనం వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ, దాచింది: ఎర్ర గింజ, నడుమ తెల్లచార. మూడేళ్ల కిందట ఓ గుడ్డమూట నా చేతిలో పెట్టాడు.

"ఒరే అల్లుడా, ఆకు ముడుసుకుపోతన్నాది. ఏటో సూడు. ఈ ఇత్తనం పోకూడదు."

చిక్కుళ్లలో వైరస్‌ను తట్టుకునే జన్యువుల మీద పరిశోధన నా ఉద్యోగం. వైరస్ పెరగాలంటే మొక్కలోని ఓ ప్రోటీన్‌ను వాడుకోవాలి. ఆ ప్రోటీన్ జన్యువు రెండు ప్రతుల్లోనూ మారిపోయి ఉంటే రోగం పట్టదు. మావ గింజల్లో మారింది ఒక్కటీ లేదు. పైగా వైరస్ గింజలోనే ఉంది. మావ ఏటా ఎండిపోయిన మొక్కలు పీకేసి, ముడతాకులతో బతికినవాటి నుంచే విత్తనం కట్టేవాడు. చావకుండా నిలిచింది గట్టిదని ఆయన నమ్మకం. అలా రోగాన్నే దాచుకుంటూ వచ్చాడు.

ఏ రకం రోగాన్ని తట్టుకుంటుందో చూసే మా పరీక్షకు, తప్పకుండా జబ్బుపడే సాలు ఒకటి మధ్యమధ్యలో కావాలి. అక్కణ్ణుంచి పేనుబంక పురుగు వైరస్‌ను మిగతా రకాలకు మోస్తుంది. మావ గింజలు సరిగ్గా సరిపోయాయి.

పెళ్లిళ్లలో కనబడితే అడిగేవాడు. "నా గింజలేటైనాయిరా?"

"ఏటా ఏస్తన్నాం మావా."

అబద్ధం కాదు. ఊరంతా చెప్పుకుని మురిశాడు.

పోయిన పుష్యంలో మా పరిశోధన పొలానికి చెప్పకుండా వచ్చాడు. పచ్చటి సాళ్లు చూశాడు, మధ్యలోవీ చూశాడు. వాటిలో పండిన కాయ ఒకటి ఒలిచాడు. ఎర్ర గింజ, తెల్లచార.

"ఇయ్యే ఎందుకురా ఇలగున్నాయి?"

ఒక్క మెట్టూ వదలకుండా చెప్పాను.

"అంటే పక్కోటికి రోగం అంటించడానికి ఏసినావేటి, మాయమ్మ ఇత్తనాన్ని?"

వంగి పీకడం మొదలుపెట్టాడు. మూడు మొక్కలు పోయాక చెయ్యి పట్టుకున్నాను. "పీకకు మావా. లెక్క తప్పిపోతాది."

చెయ్యి విడిపించుకుని మట్టి దులుపుకున్నాడు. "పోనీ, బాగుసెయ్యడానికి అవ్వదేటి?"

అవుతుంది. గట్టి రకంతో సంకరం చేసి, వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ ఈ గింజతోనే కలుపుకుంటూ పోవాలి. కొన్నేళ్ల పని. నాకు పేరు తెచ్చే పని కాదు.

"అవ్వదు మావా," అన్నాను.

ఇంట్లో మిగిలిన గింజలు ఆయన పొయ్యిలో పోశాడని అమ్మ చెప్పింది. ఈ ఏడు ఆ వాలులో మొక్కజొన్న ఉంది. ఆ విత్తనం ఇప్పుడు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. కార్తీకంలో మళ్లీ సాలు వేశాను. మొలక బాగా వచ్చింది. మూడాకులు విచ్చేసరికి ముడత పడింది, నాకు కావలసినట్టే.