కమాన్ల కాక కొలిచిన ఎత్తు

మొన్న పొద్దున నర్సరీలో కవర్లకు మట్టి నింపుతుంటే ఫోన్ మోగింది. కమాన్ల కాక బిడ్డ చేసింది. "అన్నా, బాపు పోయిండే" అన్నది. ఊపిరి సరిగ్గా ఆడక నెల రోజులుగా ఇంటికీ దవాఖానకూ తిరుగుతున్నాడని నాకు తెలుసు. తెలిసినా, చేతిలో ఉన్న కవరు కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ పోయే తొవ్వలో ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అదే ఆయన దుకాణం. బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్టలను మా దిక్కు కమాన్లంటారు. కుంగిపోయిన కమాన్లను విప్పి, కొలిమిలో కాల్చి, కొట్టి, మళ్లీ వంపు తెచ్చేవాడు. అందుకే అందరికీ కమాన్ల కాక అయ్యాడు. అంతకు ముందు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని చేశాడు. ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయ్యాక ఈ షెడ్డు పెట్టుకున్నాడు.

బండి వచ్చి ఆగితే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. చిన్న సుత్తితో ఒక్కో పట్టీని తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. టేపు వాడేవాడు కాదు. ముడులు వేసిన దారం ఒకటి జేబులో ఉండేది, దానితోనే కొలిచేవాడు. "అయితదా కాకా?" అని అడిగితే "చూద్దాం" అనేవాడు. వెంటనే "అయితది" అన్న మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు.

నేను మొక్కలు పెంచేవాణ్ణి. ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తవ్విపోసిన మట్టి గుట్టలుగా లేస్తుంది కదా, ఆ గుట్టల మీద మొక్కలు నాటే కాంట్రాక్టు దొరికినప్పుడు ఒక పాత పికప్ బండి కొన్నాను. ముందు కమాన్లు కుంగి, ముక్కు నేలకు వంగి ఉండేది. గుట్టెక్కే దారిలో ఇంజన్ కింది రేకు రోజూ రాళ్లకు గీసుకునేది. వానలు మొదలయ్యాయి, నాటే రోజులు అవే. ఒక గ్యారేజీలో అడిగితే, బాడీకీ దాని కింది చట్రం ఛాసీకీ నడుమ దిమ్మలు పెట్టి ఒక్క పూటలో మూడంగుళాలు లేపుతామన్నారు. ఆ మాట పట్టుకుని కాక దగ్గరికి పోయాను.

"నీ బండికి రాయి ఏడ తాకుతున్నది?" అని అడిగాడు.

"ఇంజన్ కింది రేకుకు."

"ఆ రేకు దేనికి బిగించి ఉన్నది?"

వంగి చూసి, ఛాసీకి అన్నాను.

"మరి బాడీ లేపితె ఛాసీ లేస్తదా బిడ్డా? కిందిది కిందనే ఉంటది. మీది బరువు ఇంకింత మీదికి పోతది. గంతే."

"అయితే ముందటి కమాన్లే లేపు. ఎనుకతోని సమానం చెయ్యి."

"ఖాళీ బండిని సమానం చేస్తె, లోడు పడంగనే ఎనుక కూసుంటది, ముక్కు లేస్తది. స్టీరింగు తేలిపోతది. లైట్లు ఎదురొచ్చేటోని కండ్లల్ల కొడ్తయి. లోడుతోని తీస్కరా, అప్పుడు కొలుస్త. ఖాళీ బండి తిప్పి బతుకుతున్నవా ఏంది నువ్వు?"

నాకు అంత ఓపిక లేదు. ఆయనకు చెప్పకుండా ఆ గ్యారేజీకే పోయి దిమ్మలు పెట్టించుకున్నాను. బండి ఎత్తుగా, ఠీవిగా కనబడింది. రెండు రోజులు దాని మీద రాజులా తిరిగాను. రాయి తాకుడు మాత్రం తగ్గలేదు.

మూడో రోజు తొట్టి నిండా మొక్కలు, వాటి నడుమ నలుగురు కూలి ఆడవాళ్లు. గుట్ట మలుపులో దిమ్మను పట్టుకున్న బోల్టు వంగింది. తొట్టి పక్కకు జరిగింది. బండి ఒక పక్కకు ఒరిగి, ఎట్లనో మళ్లీ చక్రాల మీద నిలబడింది. వాళ్లలో అంచున కూర్చున్న లచ్చక్క మాత్రం ఎగిరి మట్టిలో పడింది. దిగి ఉరికాను. కుడి మణికట్టు పట్టుకుని కూర్చుని, "ఇరిగింది తమ్మీ. ఇగ వానకాలం పనంత పోయినట్టే" అన్నది. ఆమె అవతల మూడడుగుల్లో లోయ.

ఆమెకు కట్టు కట్టించి, ఇంటి దగ్గర దింపి, కాక దగ్గరికి పోయాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. విషయమంతా విని, "ఆమె ఎట్లున్నది?" అని అడిగాడు. మంచినీళ్లు ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగి, తన సంగతి చెప్పాడు.

"బాయిల ఒకనాడు షిఫ్టు అయిపోయే టైముకు ఇంకో రెండు కట్టెలు పెడదామన్న. నా జోడీగాడు 'సాలుతదిరా, పోదాం' అన్నడు. మొహమాటానికి సరే అన్న. నేను నాలుగడుగులు ఏసిన్నో లేదో, కప్పు కూలింది. వాని కాలు పోయింది. అప్పటిసంది జల్ది సరే అనాలంటె నాకు నోరు రాదు." నా చేతిలోని గ్లాసు తీసుకుని, "నీ బండి చేస్త. కని మనుషులను తొట్టిల ఎక్కియ్యద్దు. నేనెంత మంచిగ చేసినా అది మొక్కల బండే. వాళ్లకు ఆటో పెట్టు. ఆ మాట ఇస్తనే సుత్తి పట్టుకుంట" అన్నాడు.

మాట ఇచ్చాను.

కానీ ఆయన సుత్తి పట్టుకునే ముందు నన్ను లచ్చక్క ఇంటికి తీసుకుపోయాడు. గడప దగ్గర ఆగిపోతే వెనక నుంచి మెల్లగా నెట్టాడు. "అవ్వా, తప్పు ఈ పిలగానిది. ఒప్పుకునేటందుకు వచ్చిండు" అన్నాడు. ఆమె కడుపులో ఉన్నదంతా అనేసింది. నేను తల వంచుకుని విన్నాను. అంతా అయినాక కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నది. ఆ గడప తొక్కి ఉండకపోతే నేను ఇప్పటికీ ఆ వాడను తప్పించుకుని పక్క తొవ్వలోనే పోయేవాణ్ణి.

తర్వాత పని. దిమ్మలన్నీ పీకేశాడు. నీళ్లు పట్టిన మొక్కలతో బండి నింపుకుని రమ్మని, దారంతో నాలుగు మూలలా కొలిచాడు. ఖాళీ చేయించి మళ్లీ కొలిచాడు. ముందు కమాన్లకు వంపు తెచ్చి ఒక్కో పట్టీ చేర్చాడు. వెనక, బరువు పడినప్పుడు మాత్రమే ఆనే పట్టీ ఒకటి పెట్టాడు. అంతా బిగించాక చూస్తే ముందు భాగం లేచింది అంగుళమున్నర.

"గింతేనా కాకా?"

"నీకు కావాల్సింది గింతనే."

పక్కన కూర్చుని గుట్ట మీదికి వచ్చాడు. దారి పొడుగునా కళ్లు మూసుకుని వింటూనే ఉన్నాడు. పైకి చేరేదాకా ఒక్క రాయి తాకలేదు. బండి దిగి గుట్ట అంచు నుంచి కిందికి చూసి, "నేను కట్టెలు పెట్టిన బాయి గీ మట్టి కిందనే ఉన్నది" అన్నాడు.

చెయ్యి నయమయ్యాక లచ్చక్క నర్సరీకే వచ్చింది. ఇప్పుడు మొక్కల పెంపకమంతా ఆమె చేతి మీదే నడుస్తున్నది. ఆటో పెట్టిన నాటి నుంచి మా పనిలో ఎవరికీ దెబ్బ తాకలేదు. నా పిల్లలు తింటున్న అన్నంలో ఆయన "చూద్దాం" కొంత ఉందని నేను నమ్ముతాను.

అంత్యక్రియలకు లారీ డ్రైవర్లు చాలామంది వచ్చారు. నస్పూర్ నుంచి ఒక ముసలాయన చంక కర్రల మీద వచ్చాడు. మనవడు పట్టుకుంటానన్నా వద్దని, ఒక్కడే పాడె దాకా నడిచాడు. కాలు పోయిన ఆ జోడీ ఆయనే. నా పక్కన కూలబడి, "కట్టెలు పెడదామన్నది వాడు. సాలుతదన్నది నేను. బతికినన్నాళ్లు తప్పు వాడే మోసిండు. ఎన్నిసార్లు చెప్పినా ఇనకపాయె" అని ఏడ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కాకను ఆఖరిసారి చూసింది అంతకు పదిహేను రోజుల ముందు. సన్నని తుంపర పడుతున్నది. పని చేసే ఓపిక పోయినా, షెడ్డు ముందు స్టూలు వేసుకుని, నెత్తిన గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు. చేతిలో కాల్చిన మక్క కంకి. రోడ్డు మీద సిమెంటు లారీలు పోతున్నాయి. పోయే ప్రతి డ్రైవరూ ఒకసారి మెల్లగా హారన్ కొడుతున్నాడు. ఆ తుంపరలో ఎవరి ముఖమూ కనబడదు. అయినా ప్రతి హారన్‌కూ ఆయన కంకి పట్టుకున్న చెయ్యే పైకెత్తి, లారీ మలుపు తిరిగేదాకా దించకుండా అట్లనే ఉంచుతున్నాడు.