నేను మ్యూట్ చేసిన మాస్టారి గొంతు

నిన్న పదకొండున్నరకి ఫోన్ వచ్చింది. మా సైక్లింగ్ గ్రూపులో ఉండే శ్రీనివాసు.

"దైవసహాయం మాస్టారు పోయారండి."

ఏ మాస్టారు అని అడిగాను. మాకు తెలిసిన దైవసహాయం మాస్టారు ఒక్కరే. అయినా అడిగాను.

ఎనిమిదో క్లాసుకి లెక్కలు చెబుతూ బోర్డు దగ్గరే కూలిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. హార్ట్ ఎటాక్. యాభై మూడేళ్ళు.

ఆ టైముకి నేను ఆఫీసులో పని ఎగ్గొట్టి, ఆయన మొన్న ఆదివారం తీసిన వీడియోకి మ్యూజిక్ వెతుకుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నిడదవోలులో మాది ఆరుగురి గుంపు. ప్రతి ఆదివారం తెల్లారకముందే బయల్దేరి, కాలవ గట్టు మీద విజ్జేశ్వరం దాకా సైకిళ్ళు తొక్కుతాం. మాస్టారు మాత్రం చర్చిలో రెండో గంట కొట్టేలోపు స్నానం చేసి ముందు బెంచీలో ఉండాలి. అందుకని పోయేటప్పుడు కబుర్లు, వచ్చేటప్పుడు పరుగు.

పోయిన ఏడాది ఆయన ఆన్‌లైన్లో యాక్షన్ కెమెరా కొన్నారు. ఉన్నవాటిలోకెల్లా చవకది. మేం దాన్ని లక్కపిడత అనేవాళ్ళం.

మొదటిసారి హెల్మెట్‌కి తలకిందులుగా బిగించారు. రానూ పోనూ ఆకాశం కింద, కాలవ పైన. తిప్పి ఇస్తానంటే ఒప్పుకోలేదు.

"ఉండనివ్వు తమ్ముడూ, మనమే తల వంచి చూద్దాం" అని టీ కొట్టు దగ్గర మా అందరి చేతా మెడలు వంచించారు. టీ కొట్టాయన కూడా వంచాడు.

హెల్మెట్ మీద వీడియో బాగా ఊగేది. కళ్ళు తిరిగేవి. అందుకని డబ్బాలో వచ్చిన ఛాతీ బెల్టు కట్టుకోమన్నాను. అన్నది నేనే.

తొక్కుతున్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండేవారు. ఈ లాకు దగ్గర ఈత నేర్చుకున్నాను. ఈ రేవులో మా అమ్మ బట్టలుతికేది. ఈ మలుపులోనే నా మొదటి సైకిల్ కాలవలో పడింది. అవన్నీ వాళ్ళ పిల్లలు వింటారని.

కానీ ఆ కెమెరా మైకు మాట కన్నా ఊపిరినే ఎక్కువ పట్టేది. టీ కొట్టు దగ్గర వీడియో వేసి చూపించగానే ఒకటే ఆటపట్టించడం. "ఆ బుసలేంటి మాస్టారూ, చొక్కాలో తాచుపాము గానీ దూరిందా?"

నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఎడిటింగ్ నాకు కాస్త వచ్చు. ఆడియో మొత్తం మ్యూట్ చేసి, ఫ్లూట్ పెట్టేవాణ్ణి. "నా గొంతు కంటే అదే నయంలే తమ్ముడూ" అనేవారు. కెమెరాలో మెమరీ కార్డు చిన్నది కాబట్టి, ఎడిట్ అవ్వగానే ఒరిజినల్ తుడిచేసేవాళ్ళం.

మొన్న ఆదివారం. తిరిగొచ్చేటప్పుడు ఆయన రెండుసార్లు ఆగారు. ఎప్పుడూ ఆగని మనిషి.

"ఇక్కడ పట్టేసినట్టు ఉంది తమ్ముడూ" అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు.

"బెల్టు బాగా బిగిసిందండి మాస్టారూ" అన్నాను. వెనక్కి వెళ్ళి నేనే లూజ్ చేశాను. ఆయన ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఇప్పుడు పర్లేదు. పద, రెండో గంట కొట్టేస్తారు" అన్నారు.

పర్లేదన్నారు కదా అని నేను పెద్ద డాక్టర్‌ని అయిపోయాను.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య సువార్తమ్మ గారు నన్ను చూసి అన్నారు, "కెమెరా బెల్టు ఒరుసుకుందన్నారు బాబూ. నువ్వే లూజ్ చేశావంట కదా. రెండు రోజులూ నేను నొప్పుల మందు రాశాను."

ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు.

వాళ్ళ పెద్దమ్మాయి కరుణ బయటికి వచ్చి అడిగింది. "అంకుల్, నాన్న గొంతు ఉన్న వీడియో ఒక్కటి పంపరా? నా ఫోన్లో ఉన్నవన్నీ ఫ్లూటే."

ఏడాది వీడియోలు. ఒక్క దాంట్లో కూడా ఆయన గొంతు లేదు. నేనే తీసేశాను.

మిగిలింది ఎడిట్ చెయ్యని మొన్నటి వీడియో ఒక్కటే. ఈరోజు పొద్దున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాను. ఊపిరి ఎంత కష్టంగా తీస్తున్నారో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. మధ్యలో పట్టేసినట్టు ఉందన్న మాట. ఆ వెంటనే నా గొంతు, హుషారుగా, బెల్టు అని.

మైకు ఆ ఒక్కరోజు నా మాట మాత్రం స్పష్టంగా పట్టింది.

ఆ ముక్క కోసెయ్యడం నాకు నిమిషం పని. కోసేస్తే ఆ పిల్ల దగ్గర నేను మంచి అంకుల్‌గానే ఉండిపోతాను. పొద్దుటినుంచీ మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

కొయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు పంపేశాను. ఇప్పుడే. కరుణ చూసినట్టు టిక్కులు నీలం అయ్యాయి. ఇంకా ఏమీ రాయలేదు. రాస్తుందో లేదో తెలియదు.

సైకిల్ తొక్కేవాళ్ళకి ఒక్క మాట. ఛాతీ పట్టేస్తే బెల్టుదో గ్యాసుదో అనుకోకండి. నాలాంటివాడి మాట వినకండి. ఇది రాస్తే మాస్టారు లేచి రారని తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మధ్యాహ్నం మూడింటికి చర్చి దగ్గర్నుంచి తీసుకెళ్తారు. రాగలిగినవాళ్ళు రండి. నేను వస్తాను గానీ, ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు.

మాస్టారూ, మిమ్మల్ని క్షమించమని అడగను. నేను అడిగీ అడగకముందే మీరు క్షమించేస్తారు, నేను భరించలేనిది అదే.

హాయిగా పడుకోండి సార్. ఆ ప్రశాంతత మీకైనా దొరకాలి.