పక్కన పెట్టించిన కోటు

మా వియ్యపురాలు పోయింది. "పరమపదించారు అని రాస్తే గౌరవంగా ఉంటుంది ఆంటీ" అని మన తెలుగు సంఘం పత్రిక చూసే అమ్మాయి సలహా ఇచ్చింది. అలా రాస్తే మా వియ్యపురాలే "ఎవరండీ పాపం, మనకి తెలిసినావిడేనా?" అని అడిగేది. కాబట్టి పోయింది. క్రిస్మస్‌కి ముందు వారం, పొద్దున్నే ఇద్దరికీ కాఫీ కలిపి, నాది నా చేతికిచ్చి, తన గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. పంచదార తక్కువైందని నేను సణుగుతున్నాను. జవాబు రాలేదు. నేనొకటంటే రెండనకుండా ఆవిడ ఊరుకోవడం అంతకుముందెన్నడూ లేదు. అందుకే తలెత్తి చూశాను.

ఆవిడ మా అల్లుడి తల్లి. ఇక్కడ మిషిగన్‌లో, ట్రాయ్ ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఇద్దరం ఒక కప్పు కింద చాలా ఏళ్లు ఉన్నాం. వియ్యపురాళ్లిద్దరు ఒకే వంటింట్లో ఉండటమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: మేము పోట్లాడుకోవడం మానలేదు, అందుకే విడిపోలేదు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే, "మీరు పాఠాలు చెప్పారు వదినగారూ, పప్పు వండలేదు" అనేది. మీలో చాలామంది మీ ఇళ్లలో పేరంటాలకి ఆవిడ చేతి సున్నుండలు చేయించుకున్నారు. ఆ సంపాదన ఆవిడ కొడుకుని అడగనిది, కోడలికి చెప్పనిది.

నిరుడు శరదృతువులో మా దగ్గరి షాపువాడు మళ్లీ లేఅవే పెడుతున్నామని తలుపు మీద బోర్డు అంటించాడు. ఎప్పుడో ఎత్తేసిన పద్ధతి అది. వస్తువు వాడి దగ్గరే ఉంటుంది. మనం కొంచెం కొంచెం కట్టుకుంటూ పోయి, పండగలోగా పూర్తిచేసి తెచ్చుకోవాలి. అదేమిటో నేను చదివి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"మా ఊరి బజారు చీరల కొట్టాయన చేసేది ఇదే కదండీ! నచ్చింది పక్కన పెట్టించుకోవడం. ఆయన ఇంగ్లీషు నేర్చుకుని ఇక్కడ తేలాడన్నమాట."

ఆ రోజే ఒక కోటు పక్కన పెట్టించింది. మా అల్లుడికి. అతని పాత కోటుకి జిప్పు పడదు. మిషిగన్ చలిలో దాన్ని చేత్తో పట్టుకుని నడిచేవాడు. కొనుక్కోమంటే "నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే అమ్మా, కార్‌లోనేగా వెళ్లేది" అనేవాడు.

అంతవరకు బాగానే ఉంది. ఆ ఆదివారం గుళ్లో భోజనాల దగ్గర ఆవిడ సంతోషం పట్టలేక పక్కావిడ చెవిలో చెప్పింది: "మా అబ్బాయికి లేఆఫ్ పెట్టానండీ. డిసెంబరుకి చేతికొస్తుంది. వాడికింకా తెలీదు, మీరు అనకండేం!"

కార్ల కంపెనీల మీద బతికే ఊళ్లో ఆ మాట అనగూడదు. పక్కావిడకి గొంతులో పులిహోర అడ్డం పడింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు ఒకాయన మా అమ్మాయికి ఫోన్ చేసి, "రెజ్యూమె పంపించమనమ్మా, మా టీమ్‌లో అడుగుతాను" అన్నాడు. ఇంకొకరు ఏకంగా గిన్నెడు దద్దోజనం తెచ్చి ఇచ్చి, గుమ్మంలో నిలబడి కళ్లు ఒత్తుకున్నారు. సంగతి తెలిశాక నేను నవ్వీ నవ్వీ కుర్చీ పట్టుకున్నాను. "లేఅవే వదినగారూ, లేఆఫ్ కాదు. ఒకటి కోటుకి, ఇంకొకటి మనిషికి." ఆవిడా నవ్వింది.

నవంబరులో అల్లుడి ఉద్యోగం నిజంగానే పోయింది.

ఆ తర్వాత ఆవిడ నవ్వగా నేను చూడలేదు. "తథాస్తు దేవతలు విన్నారు. నా నోటి మాటే నా బిడ్డకి తగిలింది" అని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. "తథాస్తు దేవతలకి డెట్రాయిట్ చుట్టుపక్కల బ్రాంచి లేదు. వాళ్ల కంపెనీలో అతను పనిచేసే అంతస్తంతా ఖాళీ చేయించారు. అందరి తల్లులూ గుళ్లో నోరు జారారా?" అన్నాను. వినలేదు. వాదనకి లొంగే బాధ అయితే నేను ఎప్పుడో లొంగదీసేదాన్ని.

కోటు వద్దని షాపువాడికి చెప్పేస్తే కట్టింది చాలావరకు తిరిగి వచ్చేది. మా అమ్మాయి మెల్లిగా ఆ మాటే అంది. "పోయిన మాట ఎలాగూ వెనక్కి తీసుకోలేను. ఈ కోటైనా వాడి ఒంటి మీదికి రానీ తల్లీ" అంది ఆవిడ. మిగతాది నేను కడతానన్నాను. "మీ డబ్బుతో వస్తే అది మీ కోటవుతుంది వదినగారూ" అని నా నోరు మూయించింది. ఊళ్లో ఎవరింట సున్నుండలు కావాలన్నా తనే ఫోన్ చేసి మరీ ఒప్పుకోవడం మొదలుపెట్టింది. పొయ్యి ముందు గంటల తరబడి నిలబడేది. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, గోడకున్న ఫోటోలు చూస్తున్నట్టు నటించేది. ఆ ఫోటోలు అక్కడ పెట్టించింది ఆవిడే.

డాక్టరు గుండెకి ఏదో పరీక్ష రాశాడు. దానికి మన చేతినుంచి కట్టాల్సింది కొంత ఉంది. ఆవిడ దాన్నీ పక్కన పెట్టించింది.

"జనవరిలో చూపించుకుంటానండీ."

"జనవరి దాకా ఆగమని మీ గుండెకి ఎవరు చెబుతారు?"

"షాపువాడు గడువు దాటితే ఆగడు వదినగారూ. గుండె మన సొంతమేగా, ఆగుతుంది."

ఆగింది.

ఇంకొక్కసారి కడితే కోటు చేతికొచ్చేది. దహనానికి ముందురోజు మా అమ్మాయిని తీసుకుని ఆ షాపుకి వెళ్లాను. కౌంటర్లో పిల్ల రసీదు చూసి, "ఆవిడ రాలేదేం? ప్రతిసారీ నాకు ఏదో స్వీట్ తెస్తుంది" అంది. చెప్పాను. ఆ పిల్ల, మీరు ఆవిడకి ఏమవుతారని అడిగింది. నా కూతురి అత్తగారు అని చెబితే ఈ దేశపు చెవికి అది ఎవరో దూరపు మనిషి. వియ్యపురాలికి ఇంగ్లీషులో మాట లేదు. పోట్లాటలోనూ పక్కపక్కన భోజనంలోనూ విడదీయలేని ఆ చుట్టరికాన్ని ఆ కౌంటర్ మీద ఎక్కడ పెట్టను? "సిస్టర్" అన్నాను. చివరి వాయిదా నేనే కట్టాను. బతికుండగా కాదన్నావిడ, ఇప్పుడేమీ అనలేదు. ఆ గెలుపు నాకు అక్కర్లేదు.

మర్నాడు ఫ్యూనరల్ హోమ్‌లో అల్లుడు తడి పంచెతో, ఒంటి మీద ఇంకేమీ లేకుండా కర్మ చేశాడు. దహనం చేసే గది ఆవరణకి అవతల ఉంది. మధ్యలో మంచు. తలుపు దగ్గర ఆపి కోటు భుజాల మీద వేశాను.

"ఇదెక్కడిది అత్తయ్యగారూ?"

"మీ అమ్మ కొన్నది. తొడుక్కో నాయనా."

చేతులు దూర్చాడు. జుట్టు నెరుస్తున్న కొడుక్కి, ఇంకా ఎదుగుతాడేమోనన్నట్టు, ఒక సైజు పెద్దది కొంది ఆ తల్లి. లోపల అక్కడి మనిషి గోడకున్న, మంట రాజేసే బొత్తాం చూపించి పక్కకి తప్పుకున్నాడు. అల్లుడు చెయ్యి చాచాడు. కోటు చెయ్యి జారి వేళ్లని కప్పేసింది. ఎడమచేత్తో పైకి లాక్కున్నాడు. మళ్లీ జారింది. ఇక లాక్కోలేదు. బొత్తాం మీద మాకు అతని వేళ్లు కనపడలేదు, ఆ కొత్త ఉన్ని అంచు మాత్రం కనిపించింది.