అరవై మూడో లైను

నార్కట్‌పల్లి చౌరస్తాలో డీటీపీ సెంటరు పెట్టకముందు ఎస్తేరు నాలుగేళ్లు మొగుడు దశరథ్ చేత దెబ్బలు తిన్నది. అతను ఒకరోజు తాగొచ్చి రోకలితో వీపు పగలగొడితే, చీరకంటిన నెత్తురు ఆరకముందే బస్సెక్కి నల్లగొండ చేరింది. అక్కడో ప్రెస్సులో టైపింగు నేర్చుకుంది. ఇంజనీరింగు పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు చేసీ చేసీ, ప్రోగ్రాములను పేజీలో పొందికగా కూర్చడంలో చేయి తిరిగింది. చదివింది పదో తరగతే. ప్రోగ్రాం రాయడం రాదు కానీ, ఏ లైను ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో తెలుసు.

రెండువేల పంతొమ్మిది వేసవిలో కట్టంగూర్ నుంచి అక్షిత అనే ఇంజనీరింగు పిల్ల సెంటరుకు వచ్చింది. బోరులో నీళ్లు అడుగంటగానే మోటారు కాలిపోకుండా ఆపేసే ప్రోగ్రాం రాసింది. ఆమెకు చదువు చెప్పే లెక్చరర్ నాగేందర్ దాన్ని తన పేరుతో పరిశోధన పత్రంలో అచ్చేయించుకున్నాడు. నిలదీస్తే ల్యాబులో జుట్టు పట్టి గోడకు కొట్టాడు. పిల్ల కనుబొమ్మ మీద మూడు కుట్లు.

"రెండు ప్రోగ్రాములు పక్కపక్కన పెట్టి అచ్చేసి తెమ్మన్నడక్కా ప్రిన్సిపాల్ సారు. చూస్తేనే తెలవాలెనట."

"కూసో. చేద్దాం," అంది ఎస్తేరు.

చెప్పినంత తేలిక కాలేదు. పేజీని రెండు వరసలు చేస్తే ఎడమవైపు పొడుగు లైన్లు కుడి వరస మీదికెక్కాయి. అక్షరం సైజు తగ్గిస్తే కంటికి ఆనలేదు. చివరికి పేజీని అడ్డంగా తిప్పి, లైను లైనుకూ అంకె వేసి, ఎడమ పదో లైనుకు ఎదురుగా కుడి పదో లైనే వచ్చేలా కట్టింది. నాగేందర్ ప్రోగ్రాములోని పేర్లు మాత్రం మార్చాడు. అరవై మూడో లైనులో అక్షిత తన తండ్రి మోటారు గురించి గుర్తుకోసం ఇంగ్లిషు అక్షరాలతో రాసుకున్న తెలుగు మాటను చూసుకోక అలాగే దించేశాడు: 'బాపు మోటరు మూడుసార్లు కాలింది, టైం తగ్గించాలె.'

"సారు వాళ్ల బాపుకు బోరే లేదక్కా!" అక్షితకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ప్రింటు తీయబోతుండగా, ప్రిన్సిపాల్ అడిగిన సంగతి తెలిసి నాగేందర్ లోపలికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం.

"ఏమే, గా ఫైలు తీసేస్తవా లేదా?"

"తియ్య సార్. నా గిరాకీ పని అది."

అతను మానిటరు ఎత్తి నేలకేసి కొట్టాడు. సీపీయూను రోడ్డు మీదికి తన్నితే లారీ టైరు కింద నలిగిపోయింది. అక్షిత చెయ్యి మెలిపెట్టి ఈడుస్తుంటే ఎస్తేరు పెద్ద స్టేప్లర్ అందుకుని అతని మొహం మీద కొట్టింది. ముక్కు పగిలింది. అతను ఆమె కడుపులో తన్నాడు. గడప మీద పడి, లేవాలని చెయ్యి ఆనించిన ఎస్తేరు వేళ్ల మీదికి ఇనుప షట్టరు దించాడు. ఎముకల చప్పుడు అక్షితకు వినిపించింది. షట్టరు ఎత్తి మళ్లీ దించాడు.

ఎదురుగా చాయ్ అమ్మే బిక్షమ్మ మరుగుతున్న గిన్నెతో ఉరికొచ్చి అతని మెడ మీద కుమ్మరించింది. "సావురా, ఆడివిల్ల చెయ్యి నలుపుతవా!" తర్వాత చౌరస్తా జనం అతన్ని పట్టుకుని కుళ్లబొడిచారు. ఆపమని ఎస్తేరు అనలేదు.

దవాఖానలో కుడిచేతి రెండు వేళ్లకు ఊచలు వేశారు. మర్నాడే చిట్యాలలో తెలిసినవాళ్ల ప్రెస్సులో, అక్షిత తెచ్చిన కాగితాలు చూసి ఆ పేజీని మళ్లీ మొదటినుంచి కట్టడానికి కూర్చుంది.

"నేను టైపు కొడతనక్కా," అంది అక్షిత.

"నీ చెయ్యి పడితే నువ్వే దిద్దినవంటరు. నన్నే కొట్టనియ్యి."

ఎడమచేత్తో అయిదు గంటలు పట్టింది. నొప్పికి రెండుసార్లు వాంతయింది.

కాలేజీవాళ్లు ఆ పేజీ చూసి నాగేందర్‌ను తీసేశారు. దాడి కేసు మాత్రం రెండేళ్లు నడిచింది. పదో తరగతి దానికి ప్రోగ్రాముల గొడవ ఏం అర్థమవుతుందని అతని వకీలు అడిగాడు.

"రాయనీకి రాదు సార్. పక్కపక్కన పెడితే సదవొస్తది," అంది ఎస్తేరు.

మూడేళ్ల శిక్ష పడింది. పైకోర్టుకు పోయి బెయిలు తెచ్చుకున్నాడు. ఒకసారి బస్టాండులో ఎదురయ్యాడు, మెడంతా కాలిన మచ్చ. ఎస్తేరు పక్కకు జరగలేదు. అతనే తల తిప్పుకుని హైదరాబాదు బస్సెక్కాడు.