మామిడికాయల కథలో ఆరు తప్పులు

జూలై ఎనిమిదో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు ఐదో తరగతి పిల్ల ఒకతి నా ఎదుట నిలబడి, అచ్చు కాగితం మీదున్న కథ చదవడం మొదలుపెట్టింది. పది గంటల ఏడు నిమిషాలకు ముగించింది. ఆ రెండు నిమిషాల్లో నేను కాగితం అంచున ఆరు గీతలు గీశాను. వాటిని సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికీ పూర్తిగా సరికాలేదు.

నాకు డెబ్బై ఒకటి. టీచరు ఉద్యోగం నుంచి రిటైరై పదకొండేళ్ళు. అలాంటిదాన్ని ఆ బడిలో ఎందుకున్నానో ముందు చెప్పాలి. తిరువూరులో మా వీధి చివరే ఆ ప్రాథమిక పాఠశాల. ఇద్దరు టీచర్లు ఉండాలి, ఒకావిడ ప్రసూతి సెలవులో ఉంది. మిగిలిన టీచరమ్మ విజయవాడలో ఐదు రోజుల శిక్షణకు వెళ్ళి, రెండు సంచులతో బస్సు దిగింది. ఒక సంచిలో కొత్త పుస్తకాలు. రెండో సంచిలో ఆ పుస్తకాలను ఎలా చెప్పాలో చెప్పే పుస్తకాలు. రెండోదే బరువు.

"మేడం, మీరో రెండు వారాలు వచ్చి కూర్చోండి. పిల్లల్ని పరీక్షించి గుంపులు చేయాలంట. ఒక్కదాన్నే అయిపోయాను," అంది.

వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నేమో.

పాఠాలు మారడం నాకు కొత్త కాదు. నేను చదువుకున్నప్పుడు అ, ఆలతో మొదలు. ఉద్యోగంలో చేరాక, రాయడానికి సులువైన అక్షరాలతో మొదలుపెట్టమన్నారు. తర్వాత మాటలు ముందు, అక్షరాలు వెనక అన్నారు. ఆ తర్వాత బొమ్మలు ముందు, మాటలు వెనక. ప్రతిసారీ శిక్షణకు వెళ్ళాను, ప్రతిసారీ అంతకుముందు చెప్పింది తప్పని తెలుసుకుని వచ్చాను. పిల్లలు మాత్రం అన్ని పద్ధతుల్లోనూ చదవడం నేర్చుకున్నారు. కారణం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఈసారి మార్పు కూర్చునే చోటు దాకా వచ్చింది. రోజూ ఒక గంటసేపు, రెండు నుంచి ఐదు దాకా పిల్లలందరినీ తరగతి చూడకుండా, చదివే శక్తిని బట్టి మూడు గుంపులు చేయాలి. కథ చదివితే కథ గుంపు. కథలో నాలుగు తప్పుల దాకా ఒప్పుకుంటారు, ఐదోది పడితే మాటల గుంపు. మాటలు కూడా రాకపోతే అక్షరాల గుంపు. ఫలితాలు ఫోన్లో ఎక్కించాలి. ఎక్కించాక మార్చడానికి లేదు.

పిల్లలు ముప్పై ఒక్కమంది. మంగళవారం అంతా ఒక్కొక్కరినీ పిలిచి నేనే చదివించాను. తప్పుకొక గీత గీసి, పక్కన పిల్ల ఏమని చదివిందో కూడా రాసుకున్నాను. అలా రాయమని ఎవరూ చెప్పలేదు, నా అలవాటు అది. కథ గుంపుకు పద్నాలుగు, మాటల గుంపుకు ఎనిమిది, అక్షరాల గుంపుకు తొమ్మిది. మొత్తం సరిపోయింది. బుధవారం టీచరమ్మ ఫోన్లో ఎక్కించింది. గురువారం గుంపులుగా కూర్చోబెట్టాం. ఆరు తప్పుల పిల్ల మాటల గుంపులో, రెండో తరగతి చదివే తన తమ్ముడి పక్కన కూర్చుంది. శుక్రవారం నుంచి రాలేదు.

పదిహేనో తేదీ మంగళవారం పదకొండున్నరకు వాళ్ళమ్మ వచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త లోడు ఆటో నడుపుతాడు, మామిడి సీజనంతా పెనుగొలను తోటల్లోంచి కాయలు తోలతాడు. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది.

"టీసీ ఇవ్వండమ్మా," అంది.

"ఎందుకమ్మా ఇప్పుడు?" అని టీచరమ్మ కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు.

"ప్రైవేటు స్కూలుకి పంపిస్తాం. పాపకి చదవటం రాదన్నారంటగా. మా ఇంట్లో కరెంటు బిల్లు అదే చదివిద్ది. వాళ్ళ నాన్న తూకం చీటీ ఫోటో తీసి పెడితే అదే చదివిద్ది. దానికి రాకపోతే ఇన్నాళ్ళూ మాకు ఎవరు చదివినట్టండీ?"

"రాదనలేదమ్మా. మాటల గుంపు అన్నాం, అంతే."

"తమ్ముడిదీ అదే గుంపంట. వాడు మొన్నటిదాకా పలక నాకినోడు. ఇంటికొచ్చి, అక్కని పట్టుకుని, ఆపా, నువ్వూ నేనూ ఒకే క్లాసు, నీ బిస్కెట్టు ఇటివ్వు అంటన్నాడు. ఇది అన్నం మానేసి కూర్చుంది. ఆ బడికి పంపిస్తే మళ్ళీ పుస్తకం ముట్టనంటంది."

టీచరమ్మ నా వైపు చూసింది. నేను కాగితం తీశాను.

"ఆరు తప్పులు చదివిందమ్మా. కాగితం నా దగ్గరుంది," అన్నాను.

"కాగితం మీ దగ్గరుంది పెద్ద మేడం. పిల్ల నా దగ్గరుంది."

టీసీ చేత్తో రాసిచ్చే కాలం పోయింది, కంప్యూటర్లోంచి రావాలి. ఆ పూట సర్వరు పనిచేయలేదు. టీచరమ్మ గురువారం మధ్యాహ్నం రమ్మంది. సర్వరుకు నేను మనసులో కృతజ్ఞత చెప్పుకున్నది ఆ ఒక్కరోజే.

అదే సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మిషను ఆపలేదు. పిల్ల టీ ఇచ్చి దూరంగా నిలబడింది. కాగితం దాని చేతికిచ్చి, మళ్ళీ చదవమన్నాను. నేను రాసుకున్నది ఒళ్ళో పెట్టుకున్నాను.

చదివింది. ఎక్కడా తడుముకోలేదు. మొదటిసారి ఏ ఆరు చోట్ల తప్పిందో, అవే ఆరు చోట్ల, అవే ఆరు మాటలు అంది.

ముప్పై ఆరేళ్ళు పిల్లల తప్పులు లెక్కపెట్టినదాన్ని. చదవడం రాని పిల్ల రెండోసారి కొత్త తప్పులు చేస్తుంది. ఒకటి కలుస్తుంది, మహా అయితే రెండు. ఆరుకు ఆరూ కలవవు.

కథ ఇలా ఉంది: ఒక కుర్రవాడు వానాకాలంలో మామిడి తోటకు వెళ్ళాడు. చెట్టు నిండా పండ్లు ఉన్నాయి. వాటిని కర్రతో కొట్టాడు. బుట్టలో వేసుకున్నాడు. వెంటనే తిన్నాడు. పిల్ల చదివింది ఇలా: ఒక కుర్రవాడు ఎండాకాలంలో మామిడి తోటకు వెళ్ళాడు. చెట్టు నిండా కాయలు ఉన్నాయి. వాటిని చిక్కంతో కోశాడు. ట్రేలో వేసుకున్నాడు. మగ్గబెట్టి తిన్నాడు. (చిక్కం అంటే కాయలు కోసే గెడ చివరి వల సంచి.)

"ఇక్కడ కర్ర అని ఉంది కదమ్మా?" అన్నాను.

"ఉందండీ. తప్పుగదా. కర్రతో కొడితే కాయకి దెబ్బ తగిలిద్ది. సొన కారి మచ్చ పడుద్ది. మచ్చ కాయని మార్కెట్లో పక్కన పారేస్తారు."

"పండ్లు అంటే?"

"పండు దాకా చెట్టుమీద ఎవరుంచుతారు మేడం? ఉడతలకా?"

మిషను ఆగింది. తల్లి ఇటు తిరిగి వింటోంది.

"మరి, ఉన్నది ఉన్నట్టు చదవాలి కదా?"

"సోమవారం మీరే చెప్పారుగా. తప్పులు దిద్ది చదవండి అని."

చెప్పాను. కొత్త అభ్యాస పుస్తకంలో ఆ శీర్షికతో ఒక పాఠం ఉంది. ఆవు గుడ్డు పెట్టింది, చేప చెట్టెక్కింది అని ఉంటాయి, పిల్లలు సరిదిద్ది చదవాలి. జూలై ఏడో తేదీ సోమవారం ఆ పాఠం చెప్పింది నేనే. మర్నాడు పరీక్ష కాగితం ఇచ్చింది కూడా నేనే. తేడా చెప్పలేదు.

"తప్పు చదివినప్పుడల్లా నేను గీత గీస్తున్నాను. చూశావు కదా?"

"చూశానండీ. రైటు కొడుతున్నారనుకున్నా. ఆరుకి ఆరు వచ్చాయనుకున్నా."

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి. నేను టీ తాగేశాను. చల్లారిపోయింది.

"టీసీ సంగతి?" అని గడప దగ్గర అడిగాను.

"గుంపు మార్చండి, అప్పుడు చూద్దాం. గురువారం ఎట్టాగూ వస్తాగా."

చుట్టుపక్కల బడులు చూసుకోవడానికి ఒక సార్ వస్తుంటాడు. టీచరమ్మ ఫోన్ చేస్తే పదిహేడో తేదీ గురువారం మూడు గంటలకు మోటారుసైకిల్ మీద వచ్చాడు. పిల్లా తల్లీ అప్పటికే వరండాలో కూర్చున్నారు. సార్ తన సంచిలోంచి వేరే కథ తీసి ఇచ్చాడు. సముద్రం మీద ఓడలో వెళ్ళే మనిషి కథ. పిల్ల మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చదివింది. నా కలానికి పని లేకపోయింది.

"బాగా చదివావమ్మా," అన్నాడు సార్.

"ఓడ గురించి నాకేం తెలవదండీ. అందుకే ఏం మార్చలేదు," అంది పిల్ల.

సార్ నా కాగితం కూడా చూశాడు. ఆయనది రెడ్డిగూడెం, సొంత తోట ఉంది. మామిడికాయల కథ రెండుసార్లు చదువుకుని, "పిల్ల చెప్పిందే కరెక్టు," అన్నాడు. తర్వాత ఫోన్ తీసి, పైకీ కిందికీ జరిపి, జేబులో పెట్టేశాడు. "కానీ గుంపు మార్చే బటన్ నాకు లేదండీ. మళ్ళీ పరీక్ష దాకా అంతే."

"రాత వరకే కదా సార్. మేం కథ గుంపులో కూర్చోబెట్టుకుంటాం," అంది టీచరమ్మ.

"కూర్చోబెట్టుకోండి. కాకపోతే ప్రతి శనివారం గుంపు ఫోటో ఎక్కించాలి కదా. మాటల గుంపులో ఎనిమిది మంది కనపడాలి. ఏడుగురే ఉంటే ఆ పాప మానేసిందని పై ఆఫీసులో అనుకుంటారు."

తల్లి లేచింది. "ఫోటోలో మళ్ళీ తమ్ముడి పక్కనేగా. వద్దులే అమ్మా. టీసీ ఇచ్చేయండి."

సర్వరు ఆ రోజు చక్కగా పనిచేస్తోంది. టీచరమ్మ కంప్యూటర్ వైపు చూసింది కానీ కదల్లేదు. నేను రూల్సు పుస్తకం తెరిచాను. ఫోటో గురించి ఒకటే వాక్యం ఉంది: గుంపులోని పిల్లలందరూ స్పష్టంగా కనపడవలెను. దాన్ని పైకి చదివాను, ఉన్నది ఉన్నట్టు.

"అందులో కూర్చోవాలని రాసుందా మేడం?" అని పిల్ల అడిగింది.

మళ్ళీ చూశాను. లేదు.

"అయితే నేను కూర్చోను. నిలబడతా. మాటల చార్టు పట్టుకుని వాళ్ళకి చెబుతా. ఎనిమిదిమందిమీ కనపడతాం."

సార్ ఇంకోసారి ఫోన్ తీసి, ఇంకోసారి జేబులో పెట్టాడు. "నేను ఫోటోలో తలలే లెక్కపెడతానండీ," అన్నాడు.

తల్లి గోడకున్న చార్టు చూసింది. "చార్టు పెద్దది ఇవ్వండి, బాగా కనపడాలి," అని, పిల్లను అక్కడే వదిలి, మిషను పని ఉందని వెళ్ళిపోయింది.

పందొమ్మిదో తేదీ శనివారం పదకొండు గంటల పది నిమిషాలకు మొదటి ఫోటో తీశాం. ఏడుగురు కూర్చున్నారు, ఒకతి నిలబడింది. తమ్ముడు "చెరువు" దగ్గర ఆగిపోతే చార్టు అంచుతో వాడి తల మీద తట్టింది. అది ఫోటోలో పడలేదు.

పోయినవాటి లెక్క ఇది. పిల్లకు బడి రోజులు ఐదు: పదకొండు, పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు. పన్నెండు రెండో శనివారం, పదమూడు ఆదివారం, అవి కలపలేదు. పదిహేడున మూడు గంటలకు బడిలోనే ఉంది కానీ హాజరు పొద్దున్నే మూసేస్తారు, కాబట్టి కలిపాను. తల్లికి కుట్టుపని రెండు పూటలు. తమ్ముడికి రావలసిన బిస్కెట్లు, వాడి లెక్క ప్రకారం నాలుగు. నేను గీసిన గీత ఎప్పుడూ తప్పు కాదన్న పేరు, ఒకటి.