బొమ్మ కింద అక్షరాలు

నవాబ్ బాబాయి మొన్న వానాకాలంలో పోయాడు. ఆయనా మా నాన్న జయపాలూ కలిసి విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసేవారు. గుడ్డ మీద బొమ్మలు నాన్నవి, అక్షరాలు బాబాయివి. సుద్దపొడి పట్టించిన దారాన్ని బిగలాగి వదిలితే గుడ్డ మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద సినిమా పేరు కూర్చునేది. జనం హీరోని చూసి వెళ్లిపోయేవారు. అక్షరాల గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ సంగతి బాబాయి మనసులో ఉండేది.

ఫ్లెక్సీలు వచ్చాక దుకాణం మూతపడింది. నాన్న పోయాక బాబాయి ఆటోల వెనక, షాపుల షట్టర్ల మీద రాసి బతికాడు. బెంజ్ సర్కిల్ దాటుతూ పైన ఫ్లెక్సీలు చూసి, "అక్షరాలకి ఊపిరాడట్లేదురా జాన్సనూ, ఒకదాని మీద ఒకటి ఎక్కించారు" అనేవాడు.

రెండేళ్ల కిందట చక్రి అనే అతను బాబాయి ఇంటికి వచ్చాడు. పాత సినిమా వస్తువులు సేకరించి హైదరాబాదులో వేలానికి పంపడం అతని పని. కంకిపాడులో ఏసుపాదం అనే రైతు ధాన్యం రాశి మీద కప్పుకుంటున్న బ్యానర్ ఒకటి అతనికి దొరికింది. అది మావాళ్లు వేసినదే. వరండాలో పరిచాడు. హీరో మొహం బాగానే ఉంది. కింద సినిమా పేరు మాత్రం అక్కడక్కడా చివికిపోయింది.

"వేసినవాళ్ల సంతకం ఉంటే వేలంలో దాని విలువే వేరండి. వెనకాల ఒక్క సంతకం పెట్టండి నవాబ్ గారూ."

"బొమ్మ జయపాల్‌ది, అక్షరాలు నావి. అట్లా రాసి పెడతా."

"అక్షరాలు ఎవరు చూస్తారండీ? బొమ్మ మీదేనని పెట్టండి. జయపాల్ గారు వచ్చి అడుగుతారా ఏంటి? మీరు పెడితే గుడ్డ మొత్తం ఇట్లాగే ఉంచుతాను. లేకపోతే ఈ చివికిన ముక్క కోసేసి మొహం వరకే ఫ్రేము కట్టించాలి."

బాబాయి గుడ్డ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అక్షరాల మీద చెయ్యి వేసి తడిమాడు. పెన్ను కూడా అందుకున్నాడు.

"పెట్టెయ్యండి. మీ పేరు ఒక్కచోటన్నా కనపడనీండి," అంది లోపల్నుంచి ఆయన భార్య, అన్వరీ పిన్ని.

బాబాయి హీరో మొహం వైపు చూశాడు. "ఆ చెవి చూడు, దవడ మీదికి జారింది. ఆ రోజే చెప్పా జయపాల్‌కి, వింటేగా. అది నేను వేశానంటే నలుగురూ నవ్వుతారు." పెన్ను తిరిగి ఇచ్చేశాడు. "కోసుకోండి. పేరు మాత్రం జయపాల్‌దే వెయ్యండి."

"నాన్న చెవులు బాగానే వేసేవాడు బాబాయ్," అన్నాను.

"నీకేం తెలుస్తుందిరా, నువ్వు ఆ చెవులతోనే పుట్టావు."

చక్రి గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు వేలంవాళ్లు పెట్టిన ఫొటో నా ఫోనులో బాబాయికి చూపించాను. కింద 'జయపాల్, విజయవాడ' అని ఉంది. అది చదివాడు. తర్వాత వేళ్లతో బొమ్మ అడుగు అంచును పెద్దది చేశాడు. కత్తెర కాస్త కిందికి పోయినట్టుంది. హీరో కాలరు కింద పసుపురంగు తలకట్లు వరసగా మిగిలాయి. వాటి కింద అక్షరాలు లేవు.

ఫోను పిన్నికి చూపించాడు.

"ఏంటవి, పిట్టలా?"

"తలకట్లు. నావి."

"నాకేం ఆనట్లేదు," అంది పిన్ని.

బాబాయి ఫోను ఆమె చేతిలో పెట్టి, ఆమె కళ్లద్దాలు వెతకడానికి లోపలికి వెళ్లాడు.