ఇంట్లోనే ఉన్నాం, ఎత్తం

మా మామయ్యను వీధిలో అందరూ 'లాగిచూడు' అంటారు. తాళం వేశాక ఒకసారి లాగి చూడటం లోకంలో ఎవరైనా చేసేదే. మామయ్య మాత్రం తన తాళం లాగి చూశాక, మెట్లు దిగుతూ దారిలో కనిపించిన పక్కవాళ్ళ తాళాలు కూడా లాగి చూస్తాడు. ఏదైనా వదులుగా తగిలిందా, ఆ ఇంటివాళ్ళు వచ్చేదాకా ఆయనకు మనసు మనసులో ఉండదు. వాళ్ళు వచ్చాక ఆ సంగతి చెబితే, ఇక వాళ్ళకు మనసు మనసులో ఉండదు. "మా తాళం మీరెందుకు లాగారండీ?" అన్న ప్రశ్నకు ఆయన దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆయనది తాళాల పని. వీధి మలుపులో చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న కొట్టు. ఆయన కూర్చుంటే వచ్చినవాళ్ళు బయట నిలబడాల్సిందే. గోడ నిండా తాళంచెవులు, బల్ల నిండా ఆకురాయి రాల్చిన ఇత్తడి పొడి. "తాళమంటేనే అనుమానంరా. మనుషులకి ఒకళ్ళ మీద ఒకళ్ళకి నమ్మకముంటే నాకు తిండెక్కడిది?" అనేవాడు.

అలాంటి మనిషిని ఒకరు అనుమానించారు. అదీ సొంత మరదలు.

ఆమె అత్తయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. ఒంటరిగా ఉంటుంది. రొట్టెల కర్మాగారంలో సాయంత్రం షిఫ్టు. ఒకరోజు తాళంచెవి లోపలే మరిచిపోయి తలుపు లాగేసుకుంది. కబురందగానే మామయ్య వెళ్ళాడు. సంచిలోంచి ఓ వంకర తీగ తీసి, ఆమె "ఎంతసేపు పడుతుందో ఏమిటో బావా" అనే మాట పూర్తయ్యేలోపే తలుపు తెరిచేశాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె తలుపు వైపు చూసి, తీగ వైపు చూసి, "ఇంత సులువా బావా?" అంది.

"నాకైతే సులువే" అన్నాడు మామయ్య, గొప్పగా.

వారం తిరక్కుండా ఆ తలుపుకు కొత్త తాళం పడింది. వేసింది మామయ్య కాదు, ఊరికి అవతలి వైపు కొట్టువాడు.

"నన్ను దొంగని చేసింది" అని మామయ్య. "ఒంటరిదాన్ని, నా జాగ్రత్త నాది. గుమ్మడికాయల దొంగంటే ఆయన భుజాలు తడుముకోవడం దేనికీ?" అని మరదలు. మధ్యలో అత్తయ్య మొగుడి తరఫున ఓ మాట అంది. ఆ మాట కాస్త ఎక్కువైంది. దాంతో అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు పోయాయి.

అత్తయ్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. చెల్లెలి ఊసు ఎవరైనా ఎత్తితే మొహం తిప్పుకునేది. కానీ బజారుకెళ్ళి తువ్వాలు కొన్నా, చెంచాల జత కొన్నా, దువ్వెన కొన్నా రెండేసి కొనేది. ఒకటి వాడకానికి, రెండోది బీరువాలోకి. ఆ రెండోది ఎవరికని మామయ్య ఎప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం కాబోలు.

అక్కాచెల్లెళ్ళిద్దరికీ బట్టలు కుట్టే ఆవిడ ఒకరే. ఓ రోజు ఆవిడ కొలతలు తీస్తూ తీస్తూ అత్తయ్య చెవిలో ఊదింది. "మీ చెల్లెలు ఫోన్ చేస్తానంటోందమ్మా. ఒక్కసారే చేస్తుందట. మాట కలిస్తే సరే, లేకపోతే ఇక నాకు అక్క లేదనుకుంటానంది."

ఫోను ఇంట్లో ఉండనే ఉంది. చిక్కల్లా వేళలతోనే. చెల్లెలికి తీరిక పగలు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. అత్తయ్య తిరిగొచ్చే వేళకి చెల్లెలు పిండి కలిపే యంత్రం దగ్గర ఉంటుంది. పోనీ తనే చెయ్యవచ్చుగా అంటే, "అది చేస్తానందిగా, చెయ్యనీ. నేనెందుకు తగ్గాలి?" అంది. కాబట్టి, మనం లేనప్పుడు మాటలు పట్టి ఉంచే ఫోను కావలసి వచ్చింది. మామయ్యతో మాత్రం, "నీ బేరాలు పోతున్నాయి, దాని కోసమే" అని చెప్పి కొనుక్కొచ్చింది. బిగించడానికి నన్ను పిలిచింది.

నేను అట్టపెట్టె తెరిచేసరికి మామయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు.

"మనం లేనప్పుడు వింటుందా?"

"వింటుంది మామయ్యా. ఎవరైనా చేస్తే వాళ్ళ మాట దాచి పెడుతుంది."

"ఉన్నప్పుడు వినదని ఏమిటి నమ్మకం?"

దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద పెద్ద తగవే అయింది. కిటికీ పక్కన వద్దు, బయటివాళ్ళకి కనిపిస్తుంది. పడకగది వద్దు, మన మాటలు దానికి వినిపిస్తాయి. చివరికి నడవాలో, గొడుగులు తగిలించే కొక్కేల కింద, ఓ ఎత్తుపీట మీద కూర్చోబెట్టాం. కరెంటు ప్లగ్గు వదులుగా ఉంటే కాగితం మడిచి దోపాను. ఎర్ర దీపం వెలిగింది. పెట్టెలోంచి ఓ ఆడగొంతు ఏదో వారం, ఏదో గంట చెప్పింది. ఆ వారమూ కాదు, ఆ గంటా కాదు.

"చూశావా, అడుగు పెట్టీ పెట్టగానే అబద్ధం" అన్నాడు మామయ్య.

గడియారం సరిచేశాను. ఈలోగా ఆయన పెట్టెను తిరగేసి, జేబులోని స్క్రూడ్రైవరుతో అడుగు రేకు విప్పబోతున్నాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"టేపు ఏదిరా?"

"టేపు ఉండదు. ఇది డిజిటల్. మాటలు ఓ చిప్పులో ఉంటాయి."

"ఆ చిప్పుకి తాళముందా?"

"లేదు."

"ఇంకేం! ఇంట్లో మాటలు తీసుకెళ్ళి తాళం లేని చోట పెట్టాం." అప్పట్నుంచి ఆయన నడవాలో నడిచినంతసేపూ గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అత్తయ్య కూర తరగమని చెప్పినా ఆ పెట్టెకి వీపు పెట్టి "ఊఁ" అనేవాడు.

అసలు రభస పలకరింపు మాటల దగ్గర. ఫోన్ చేసినవాళ్ళకు ముందుగా ఓ మాట వినిపించాలి కదా. నేను ఓ కాగితం మీద రాసిచ్చాను: 'మేము ఇంట్లో లేము. దయచేసి మీ పేరు, విషయం చెప్పండి.'

మామయ్య కాగితం చదివి నా మొహంలోకి చూశాడు. "నువ్వు నా మేనల్లుడివేనా? తాళాలు బాగుచేసేవాడి ఇంట్లోంచి, ఫోన్ చేసిన ప్రతి వెధవకీ 'ఇంట్లో ఎవరూ లేరు, రండి' అని చెప్పమంటావా? దొంగకి దారి అడిగే శ్రమ కూడా లేకుండా?"

"అందరూ అలాగే పెడతారు మామయ్యా."

"అందుకే అందరూ నా కొట్టుకొస్తున్నారు."

అత్తయ్య కల్పించుకుంది. "పోనీ 'పనిలో ఉన్నాం' అను." "ఎక్కడ పనిలో అని అడుగుతాడు." "ఎవడు?" "దొంగ!" తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి మీట నేను నొక్కితే, గొంతు సవరించుకుని ఆయనే చెప్పాడు:

"నమస్కారం. మేం ఇంట్లోనే ఉన్నాం. అందరం ఉన్నాం. నేను ఫోను పక్కనే కూర్చున్నాను. అయినా ఎత్తం. విషయం చెప్పి పెట్టెయ్యండి."

అత్తయ్య తల పట్టుకుంది. నేను వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, బట్టలు కుట్టే ఆవిడ తెచ్చిన కబురంతా చెప్పి, "ఆ పిల్లకి మీ మామయ్య సంగతి తెలుసులేరా. నవ్వుకుంటుంది" అంది. అంది గానీ, గొంతులో ధీమా లేదు.

మామయ్య బేరాలకు ఆ పెట్టె బాగానే పనికొచ్చింది. వచ్చిన మాటలన్నీ తిట్లే. "వీధిలో నిలబడ్డానయ్యా, ఇంట్లో కూర్చుని ఎత్తనంటావేం?" అని ఒకాయన. "పక్కనే కూర్చున్నావుగా, వింటున్నావుగా, నీ సంగతి చెప్తా" అని ఇంకొకావిడ. మామయ్య వాటిని లెక్కచెయ్యలేదు. ఆయన్ని కలవరపెట్టింది ఆ తర్వాత మొదలైన సంగతి.

ఎవరో చేస్తున్నారు. పలకరింపు పూర్తిగా వింటున్నారు. ఓ ఊపిరి. టక్కున పెట్టేస్తున్నారు. మర్నాడు మళ్ళీ.

ఇంటికి ముందు చేరేది మామయ్యే. ఆ ఊపిరిని చెవి ఆనించి విని, తాళంలో మీటలు కదిలే చప్పుడు వినేవాడిలా కళ్ళు మూసుకునేవాడు. అత్తయ్య జడుసుకుంటుందని, ఆమె వచ్చేలోపు చెరిపేసేవాడు. నాకు మాత్రం కొట్టు దగ్గర రహస్యంగా చెప్పాడు. "కనిపెడుతున్నార్రా. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూసుకుంటున్నారు."

అత్తయ్య చెప్పిన గుట్టు నా నోటి చివరిదాకా వచ్చింది. "ఎవరైనా మనవాళ్ళేమో" అన్నాను.

"మనవాళ్ళయితే మాట్లాడరూ?"

 మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని ఊరుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన తలుపుకు రెండో గడియ బిగించాడు. తనకు తానే మీటలు నేర్చుకుని, పలకరింపు కూడా మార్చాడు. ఆ సంగతి మాకెవరికీ తెలీదు.

రెండ్రోజుల తర్వాత అత్తయ్యకు ఆసుపత్రిలో పని తొందరగా తెమలడంతో, మామయ్య కన్నా ముందు ఇల్లు చేరింది. ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. మీట నొక్కింది. చెల్లెలి గొంతు.

"నేనెవరో తెలుసన్నమాట. సరే. గుమ్మం తొక్కనులే."

అంతే. అత్తయ్యకు ఏమీ అర్థం కాలేదు. పలకరింపు మీట నొక్కింది. ఈసారి మొగుడి గొంతు.

"మేం ఇంట్లోనే ఉన్నాం. అందరం ఉన్నాం. నేను ఫోను పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాను. రోజూ చేసి ఊపిరి వదిలి పెట్టేసేది ఎవరో మాకు తెలుసు. ఈ గుమ్మం తొక్కితే మర్యాద దక్కదు."

మామయ్య ఇంటికొచ్చేసరికి ఆమె వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. అరిచి ఉంటే ఆయన తట్టుకునేవాడే. ఆమె అరవలేదు. బట్టలావిడ తెచ్చిన కబురు, తను ఆ పెట్టె కొన్నది ఎందుకో, అన్నీ మెల్లగా చెప్పి, "ఒక్కసారే చేస్తానన్న పిల్ల ఇన్నిసార్లు చేసిందన్నమాట. నువ్వు చెరిపేశావు" అంది. తర్వాత వెళ్ళి ముసుగు పెట్టుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున్న మామయ్య మా ఇంటి తలుపు తట్టాడు. మా తాళం లాగి చూడలేదు. అందుకే నాకు భయం వేసింది.

"మీ అత్తయ్య పనికి వెళ్ళలేదురా. లేవలేదు. ఫోను మోగినా ఎత్తదు, నేను మాట్లాడినా తల ఎత్తదు. నడువు."

"ఎక్కడికి?"

"మరదలి దగ్గరికి. ఒక్కణ్ణీ వెళితే తలుపు తియ్యదు."

ఇద్దరం వెళ్ళినా తియ్యలేదు. తలుపుకున్న కన్నంలోంచి ఓ కన్ను మమ్మల్ని చూసింది. గొలుసు అందినంత మేరకే తలుపు కదిలింది. ఆ సందులోంచి ఆమె మొహం సగమే కనిపించింది.

"ఎందుకొచ్చారు?"

"అదీ... ఆ మాటలు మీ అక్కవి కావు. నావి" అన్నాడు మామయ్య.

"గొంతు మీదేగా, తెలుసు. అక్క కూడా అక్కడే ఉందన్నారుగా! అందరం ఉన్నామన్నారుగా!"

"ఎవరూ లేరమ్మా. అది దొంగలకి చెప్పిన మాట."

"అంటే నేను దొంగనా?"

మామయ్య పని తేలు కుట్టిన దొంగలా అయింది. ఆ మాట తను ఆమెను అడగాల్సింది, ఇప్పుడు ఆమె తనను అడుగుతోంది. "నేనలా అన్నానా? పట్టపగలు అందరూ పనికెళ్ళిపోతే, ఇల్లు ఖాళీ అని తెలియకూడదని..."

"కథలు చెప్పకండి. అక్క పక్కన కూర్చుని వినకపోతే అంత ధైర్యంగా గుమ్మం తొక్కొద్దంటారా మీరు?"

నిజానికి సంగతి తలకిందులు. అత్తయ్య ఎదురుగా ఉంటే మామయ్యకు అంత గొంతు లేవదు. కానీ అది రుజువు కిందికి వచ్చేలా లేదు. అప్పుడు నాకు తోచింది.

"చిన్నత్తయ్యా, ఒక్కసారి ఇప్పుడు ఆ ఇంటికి ఫోన్ చెయ్యండి."

"దేనికి? మళ్ళీ తిట్టించుకోవడానికా?"

"చెయ్యండి. మామయ్య ఇక్కడే ఉన్నాడుగా."

అనుమానంగా చూసింది. ఫోను తలుపు పక్కనే బల్ల మీద ఉంది. మా మీద చూపు తియ్యకుండానే అంకెలు నొక్కింది. చాలాసేపు మోగింది. తర్వాత ఆ సందులోంచి సన్నగా మాక్కూడా వినిపించింది: "...అందరం ఉన్నాం. నేను ఫోను పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాను..."

ఆమె ఫోను వంక చూసింది. మామయ్య వంక చూసింది. మామయ్య ఖాళీ చేతులు రెండూ చూపించాడు.

మొదట ముక్కులోంచి ఓ చప్పుడు వచ్చింది. తర్వాత ఆపుకోలేక గోడకు చేరబడి నవ్వింది. అటు పెట్టె పలకరింపు ముగించి, ఈ నవ్వును పట్టడం మొదలెట్టి ఉంటుంది. పట్టే మాటను ఆ పెట్టె పైకి కూడా వినిపిస్తుంది కాబట్టి, నవ్వు నడవాలోకి గట్టిగా వినిపించి ఉంటుంది. ఎందుకంటే నవ్వు మధ్యలో ఆమె ఒక్కసారిగా ఆగిపోయింది.

"అక్కా?"

ఫోను మోగినా ఎత్తని అత్తయ్య, ఈ నవ్వుకి లేచి వచ్చి ఎత్తింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం. ఆమె మాకు వీపు తిప్పేసి, కాలితో తలుపు తోసేసింది. తాళం దానంతటదే పడింది.

మేం బయట మిగిలిపోయాం. లోపల మాటలు, మధ్యలో ముక్కు ఎగబీల్చడాలు, మళ్ళీ మాటలు. మామయ్య ఆ తాళం వైపు వంగి చూశాడు. అది అవతలి కొట్టువాడు వేసినదే. పెదవి విరిచాడు.

"తియ్యగలవా?" అన్నాను మెల్లగా.

"హెయిర్‌పిన్ను చాలు." చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నోరు మూసుకుని నిలబడు."

ఎంతసేపు నిలబడ్డామో. ఎదురింటి తలుపు తెరుచుకుని, పళ్ళు తోముకుంటున్న ఒకాయన బయటికి వచ్చాడు. మూసిన తలుపు, దాని ముందు వంగిన మామయ్య, ఆయన భుజాన పనిముట్ల సంచి, పక్కన నేను. ఆయనకు ఏం అర్థం కావాలో అదే అర్థమైంది.

"ఎవరు మీరు? ఆ సంచిలో ఏమిటి?"

మామయ్య సంచి తెరిచి చూపించబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. తెరిస్తే ఇంకా ప్రమాదం.

"ఈ ఇంటివాళ్ళు తెలుసా మీకు?" ఆయన గొంతు పెంచి తలుపు బాదాడు. "అమ్మా! ఓ అమ్మా! ఎవరో ఇద్దరు మీ తాళం దగ్గర తచ్చాడుతున్నారు!"

తలుపు తెరుచుకుంది. ఈసారి గొలుసు లేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తీగ సాగినంత దూరం వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మామయ్యను కింది నుంచి పైదాకా చూసి, "ఉండక్కా, ఒక్క నిమిషం" అంది ఫోనులో. తర్వాత ఎదురింటాయన వైపు తిరిగింది.

"మా బావండీ. ఎవరి తాళమైనా చిటికెలో తీసేస్తాడు. మీరూ జాగ్రత్త." మళ్ళీ మా వైపు తిరిగి, "రండి బావా లోపలికి. అక్క మీతో మాట్లాడుతుందట" అంది.

ఎదురింటాయన గబగబా లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు. ఆ చప్పుడు విని మామయ్య గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు.

"వదులుగా ఉంది" అన్నాడు నాతో, మెల్లగా.